కోటు తీసిందెవరు

తొలి వాన పడి వెలిసిన పొద్దున అవినో మొగుడి కోటు వేసుకునే చేపలు ఆరబోస్తోంది.

మొగుడు పోయి ఒక పంట కాలం దాటిపోయింది. కోటు మాత్రం ఆమె ఒంటిని వదల్లేదు. మందపాటి గోధుమరంగు కోటు. చేతులు వేళ్ళ కొసల దాకా జారుతుంటే పైకి మడుచుకుంటుంది, వంగగానే మళ్ళీ జారతాయి. కింద వల పరిచి ఉంది. దాని మీద చిటికెన వేలంత చేపల్ని పిడికిళ్ళతో చల్లుతోంది. మెడ వెనక చెమట కారుతోంది. తుడుచుకుందామంటే చెయ్యంతా పొలుసులు.

ఆ సరస్సు ఒడ్డున మొగుడు పోయిన ఆడది అతని కోటు వేసుకునే తిరగాలి. మొగుడి వైపు మగవాడొకడు, లేదంటే వాళ్ళు కుదిర్చినవాడొకడు వచ్చి, ఒక రాత్రి ఆమె ఇంట్లో పడుకుని, తన చేత్తో ఆ కోటు విప్పి గుంజకి తగిలించాలి. దాన్ని తేరో అంటారు. అది జరిగేదాకా ఆమె ఇంకొకరి గడప తొక్కకూడదు, తన ఇంటి కప్పు బాగుచేయించుకోకూడదు, చేలో గింజ వెయ్యకూడదు. చేపలు ఆరబెట్టడానికి మాత్రం ఏ ఆచారమూ అడ్డు రాలేదు. ఆచారాలు పెట్టిన పెద్దమనుషులకి చేపల సంగతి గుర్తున్నట్టు లేదు.

జెముడు దడి అవతల నుంచి తోడికోడలు కొన్సొలాటా పిలిచింది. భుజాన పార ఉంది. ఆరో నెల కడుపు పార కంటే ముందుకొచ్చి కనిపిస్తోంది.

"అక్కా, నేల చూశావా?"

"చూశాను."

"వేలు పెడితే రెండు కణుపులు దిగుతోంది. గట్టు అవతలి వాళ్ళంతా తెల్లారుతూనే మొదలెట్టేశారు."

"నాకెందుకు చెప్తావే? పోయి నీ మొగుడికి చెప్పు."

"ఆయనకి చెబితే నీకు చెప్పమన్నాడు."

అవినో నవ్వబోయి ఊరుకుంది. ఆ ఇంట్లో మొదటి గింజ పెద్ద కోడలు వెయ్యాలి. ఆమె తర్వాతే చిన్న కోడలు. అత్త దోర్సీలా సేద్యం మానేసి ఏళ్ళయింది కాబట్టి ఇప్పుడు మొదటి చెయ్యి అవినోదే. పెద్దది వెయ్యకముందు చిన్నది వేస్తే చిరా పడుతుంది. చిరా అంటే ఆచారం తప్పిన ఇంటిని పట్టుకునే శాపం. మనిషి తిన్నది ఒంటబట్టక, దగ్గి దగ్గి, ఎండి పుల్లయి పోతాడు. అవినో మొగుడు ఒమోలో అలాగే పోయాడు. అందుకని ఊరంతా చిరా అంది. ఆసుపత్రివాళ్ళు వేరే పేరు చెప్పారు. ఆ పేరు ఊళ్ళో ఎవరూ పైకి అనరు.

"ఒక్క రాత్రేగా అక్కా," అంది కొన్సొలాటా, నేల చూస్తూ.

"ఒక్క రాత్రికి వచ్చేది నీ మొగుడే కదా. నీకేం అనిపించట్లేదా?"

కొన్సొలాటా చెయ్యి ఒకటి కడుపు మీదకి పోయింది. పార ఇటు భుజం నుంచి అటు భుజానికి మార్చుకుని వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం వాళ్ళే వచ్చారు. ముందు చినమామ ఎజెకియా, వెనక మరిది ఒగోలా. ఎజెకియా మామగారికి పినతండ్రి కొడుకు. ఇప్పుడు ఆ వంశానికి పెద్ద దిక్కు. మెల్లగా మాట్లాడతాడు. ఆయన గొంతు పెంచగా ఎవరూ వినలేదు. పెంచాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

అవినో పీట వేసి, చెంబుతో గంజి తెచ్చి ఇచ్చింది. ఆయన రెండు చేతులా అందుకుని పీట పక్కన కింద పెట్టాడు. తాగలేదు. ఒగోలా తన వాటా అసలు అందుకోనే లేదు, ఇప్పుడే తాగి వచ్చానన్నాడు. ఆ చెంబు సంగతి ఆమెకి కొత్తేం కాదు. అత్త కూడా తన లోటా వేరే పెట్టుకుని, మొక్కజొన్న సంచి వెనక దాచుకుంటుంది.

"వాన వచ్చింది తల్లీ," అన్నాడు ఎజెకియా. "ఆవరణంతా నీ కోసం ఆగి ఉంది. ఒగోలా సిద్ధంగా ఉన్నాడు. తమ్ముడు అన్న ఇల్లు నిలబెట్టడం మన పద్ధతి. వాడికి ఇష్టమై కాదు, బాధ్యత."

ఒగోలా బాధ్యతగల మొహం పెట్టాడు.

"చినమామా, ఒక మాట అడుగుతాను. ఆ గంజి ఎందుకు తాగలేదు?"

"ఆకలి లేదు."

"నా చెంబులో గంజి తాగడానికి మీకు భయం. నా మంచం మీదకి మాత్రం మనిషిని పంపిస్తారు. ఇదేం లెక్క?"

ఒగోలా దడి వైపు చూశాడు. ఎజెకియా చేతికర్ర కొనతో నేల మీద గీత గీసి చెరిపేశాడు.

"నా సంగతి అందరికీ తెలుసు," అంది అవినో. "నాకు హెచ్ఐవి ఉంది. పొద్దున్నే మాత్ర వేసుకుంటాను. నా రక్తంలో అది కనపడటం లేదని నర్సమ్మ చెప్పింది. నా వల్ల ఎవరికీ రాదట. మరి ఒగోలా సంగతి ఎవరికి తెలుసు? రేపు నా ఆసుపత్రి రోజు. నాతో రమ్మనండి. వేలి మీద సూదితో ఒక్క చుక్క తీస్తారు. కొన్సొలాటా కూడా పక్కనే ఉంటుంది. ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం."

"నాకేమైంది వదినా, దుక్కలా ఉన్నాను."

"మీ అన్న కూడా దుక్కలానే ఉండేవాడు."

"ఒమోలోని చిరా తీసుకుపోయింది," అన్నాడు ఎజెకియా.

"మాత్రలు మానేసి పోయాడు! ప్రార్థన సభలో నెత్తిన చెయ్యి పెట్టి నయమైపోయిందన్నారు. ఇంటికొచ్చి మాత్రల సీసా సరస్సులోకి విసిరేశాడు. నేను నడుం లోతు నీళ్ళలో దిగి వెతికాను, దొరకలేదు. ఆ సీసాకి చిరా అని పేరు పెడితే పెట్టుకోండి."

ఆమె గొంతు లేచింది. ఎజెకియా ఆమె ముగించేదాకా ఆగాడు. తర్వాత ఇంకా మెత్తగా అన్నాడు:

"తేరో వద్దన్న ఆడదానికి మా నేలలో చోటు లేదు. నీ ఊరు అలేగో నీకుంది. పోవచ్చు, ఎవరూ ఆపరు. పిల్లలు మా పిల్లలు, ఇక్కడే ఉంటారు. ఈ వాన దాటేలోపు ఏదో ఒకటి తేల్చు."

వాళ్ళు వెళ్ళాక ఆ గంజి ఆమే తాగింది, రెండు చెంబులూ. కోటు చేతులు జారి వచ్చి గంజిలో మునిగాయి. కూతురు మెర్సీ, దాని తమ్ముడు బడి నుంచి వచ్చేసరికి ఇంకా అక్కడే కూర్చుని ఉంది. అమ్మా సంకటి ఏదీ అని పిల్లాడు అడిగితే లేచి పొయ్యి ముట్టించింది.

*

తెల్లారేసరికి ఒగోలా పడవెక్కి సరస్సు మీదకి పోయాడు. ఎన్నడూ లేని తొందర. బాటమీద అవినో పక్కన వచ్చి కలిసింది కొన్సొలాటా ఒక్కతే.

"నాకూ కడుపు చూపించుకునే రోజే," అంది సంజాయిషీ చెబుతున్నట్టు.

ఆసుపత్రి వరండాలో మాత్రల బెంచీ మీద ఊళ్ళో పక్కపక్కన కూర్చోని జనమంతా పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. పడవల నుంచి దిగి తడి ఆరని చొక్కాలతో వచ్చిన జాలర్లు, రేవులో బీరు పోసే ఇద్దరు ఆడవాళ్ళు, యూనిఫారం మీద స్వెటరు వేసుకుని పుస్తకంలోంచి తల ఎత్తని పెద్ద తరగతి పిల్ల, మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ముసలమ్మ, బట్టల మడత నలగని ఒక పంతులు. ఇక్కడ చూసింది ఇక్కడే వదిలెయ్యాలి, బజార్లో కనబడితే కొత్తగా పలకరించుకోవాలి. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, ఎవరూ తప్పలేదు. ఊళ్ళో ఆచారాలన్నిటిలో అవినోకి మనసుకి నచ్చింది ఇదొక్కటే.

బెంచీ చివర ఒచోలా జరిగి ఆమెకి చోటిచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళు చెవుల దాకా వచ్చేట్టు కూర్చునే మనిషి. నెల నెలా చూస్తూనే ఉంటుంది. రేవులో కూలి, దొరక్కపోతే ఇంకేదో పని. ఆ ఇంకేదో ఏమిటో ఆమె ఎప్పుడూ అడగలేదు.

తిరుగు దారిలో వాగు దాటాక కొన్సొలాటా అడిగింది:

"అక్కా, నిజం చెప్పు. ఆయన నీ దగ్గరికి వచ్చి మళ్ళీ నా దగ్గరికి వస్తే... నాకు, నా బిడ్డకి..."

"నా నుంచి ఏం రాదే. నిన్న చినమామతో అబద్ధం చెప్పానా? నా మందు దాన్ని పడుకోబెట్టింది. ఇవాళ నీ రక్తం చూశారా?"

"చూశారు. ఏం లేదన్నారు."

"దేవుడి దయ. మరి నీ మొగుడు రేవులో వల లాగి ఎక్కడెక్కడ పడుకుంటున్నాడో నీకు తెలుసా?"

"తెలుసు," అంది కొన్సొలాటా. "అందరికీ తెలుసు."

"మరి అడగలేవూ? పద, ఇద్దరం సూది పొడిపించుకుందామని?"

"అడిగితే తంతాడు. లేదంటే, నీకెందుకే ఆ అనుమానం, నువ్వెక్కడ తిరిగావని ఎదురు అడుగుతాడు. నాకు నోరు రాదక్కా. నీ దగ్గరికి పొమ్మనడానికి వచ్చింది చూడు, ఆ మాటకి మాత్రం ఎలా వచ్చిందో నా నోరు!" అంటూ ఏడ్చేసింది, నడక మాత్రం ఆపలేదు. అవినో ఆమె భుజం మీది సంచి లాక్కుని తను మోసింది.

*

ఇంటికి వచ్చేసరికి అత్త దోర్సీలా వంటపాకలో కూర్చుని విత్తనపు కండెలు దింపి ఒలుస్తోంది. పొయ్యి మీది పొగలో ఏడాదంతా వేలాడి నల్లబడిన కండెలు. చివర్ల గింజలు పక్కకి తీసేసి, నడిమి గింజలే సొరకాయ బుర్రలోకి రాలుస్తోంది. ముసలమ్మ బొటనవేలి గోరు ఆ పనికే పుట్టినట్టు అరిగి ఉంది.

"కూర్చో, అలేగో పిల్లా," అంది తల ఎత్తకుండా. కోపమొచ్చినా, పని పడినా ఆమె పెద్ద కోడలిని పుట్టిన ఊరి పేరు పెట్టే పిలుస్తుంది. "మరిది గాడు రానన్నాడట. సూది అంటే భయపడ్డాడు. ఎజెకియా ఇంకొకడిని మాట్లాడాడు. సాయంత్రం వస్తాడు. మన నల్ల కోడిపుంజు ఇస్తానన్నాడట."

"మన పుంజా? ఆయన కోళ్ళు లేవా?"

"దాని సంగతి తర్వాత. వచ్చేది ఒచోలా. రేవు ఒచోలా. మూడు గట్ల అవతల దాకా విధవలందరికీ వాడే."

అవినో చేతిలోకి తీసుకున్న కండె కింద పడింది. బెంచీ కొసన జరిగి చోటిచ్చిన మోకాళ్ళు కళ్ళ ముందు కదిలాయి. ఒక్క మాట అంటే చాలు, వాడు రేపటి నుంచి ఏ గట్టూ ఎక్కలేడు. ఆ మాట ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. బెంచీ మీద చూసింది బెంచీ మీదే. మింగేసింది.

"నేను తలుపు తియ్యను అత్తా."

"తియ్యకు." దోర్సీలా ఇప్పుడు తలెత్తింది. "ఎవడు తియ్యమన్నాడు నిన్ను? వాడు వస్తాడు. సంకటి పెట్టు. వంటపాకలో పడుకోమను. తెల్లారి కోటు విప్పి గుంజకి తగిలించు. ఎజెకియా వచ్చి నలుగురి ముందూ అడుగుతాడు, కోటు తీసిందెవరని. ఒచోలా నేనంటాడు. పుంజు కోసం వాడు సరస్సు నేనే తవ్వానని కూడా అంటాడు. నువ్వు తల దించుకుని నిలబడు. అంతే. గింజ వేసుకో, నీ పిల్లల్ని సాక్కో."

"అబద్ధం చెప్పమంటావా?"

"నువ్వు చెప్పేదేముంది? నోరు మూసుకోమంటున్నా."

"నువ్వూ అలాగే మూసుకున్నావా అత్తా?"

ముసలమ్మ గోరు ఒక్క క్షణం ఆగింది. తర్వాత గింజలు ఇంకా వేగంగా రాలాయి.

"అడిగినదానికల్లా జవాబు చెప్పే వయసు కాదు నాది," అంది.

అవినో పొయ్యిలోంచి చల్లబడిన బూడిద తెచ్చి బుర్రలో గింజల మీద చల్లి కలిపింది. ఎంత తేలిక! తల దించుకుంటే సరిపోతుంది. ఊళ్ళో ఎంతమంది ఇలా దించుకుని ఉంటారో. ఒక్కొక్కతీ తన ఇల్లు గట్టెక్కించుకుని, తలుపు వెనకే ఉంచేసింది ఆ నిజాన్ని. అందుకే ఎజెకియా ఇంకా పీట మీద కూర్చుని తేల్చమంటున్నాడు. రేపు కొన్సొలాటా మొగుడికి ఏమన్నా అయితే ఆమె ముందు కూడా అదే పీట వేస్తారు. ఆ తర్వాత మెర్సీ ముందు. మెర్సీ పేరు తలపుకి రాగానే అవినోకి ఒళ్ళు మండింది.

ఒచోలా పొద్దు వాలుతుండగా వచ్చాడు. గుమ్మంలో ఉన్నది ఎవరో చూసి వాడి మొహం పాలిపోయింది. ఆ ఇల్లు ఆమెదని వాడికి ఎవరూ చెప్పలేదు. విధవ అన్నారంతే.

"నువ్వా వదినా," అన్నాడు.

"నేనే. కూర్చో. చేపల పులుసు ఉంది."

వాడు బయటే కూర్చుని సంకటి ముద్ద పులుసులో ముంచి ఆత్రంగా తిన్నాడు. వాడు చెయ్యి కడుక్కున్నాక ఆమె అడిగింది:

"ఎన్నాళ్ళ నుంచి ఈ పని?"

"మందు వేసుకుంటున్నా వదినా. నీకు తెలుసుగా. నా వల్ల ఇప్పుడు ఎవరికీ..."

"మందుకి ముందు?"

వాడు వేలితో మట్టిలో ఏదో రాస్తూ ఉండిపోయాడు. "అప్పుడు నాకు తెలీదు," అన్నాడు చివరికి.

"ఆ ఆడవాళ్ళకీ తెలీదు."

"ఔను." ఆ ఒక్క మాట కష్టంగా వచ్చింది. "పిలిచారు, పోయాను. ఎవరూ ప్రేమతో పిలవలేదు వదినా. నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్ళే తెల్లారితే పుంజు ఇచ్చి పంపేవాళ్ళు. ఆకలేస్తే పోతాం."

ఆమెకి వాణ్ణి తిట్టాలనిపించింది. తిట్టే వరసలో ముందు నిలబడాల్సినవాళ్ళు వేరే ఉన్నారని కూడా అనిపించింది.

"పుంజు నీదే. పని మాత్రం నేను చెప్పింది చెయ్యాలి. పార పట్టగలవా?"

"రాత్రి పని కంటే అదే నయం."

"అయితే వంటపాకలో పడుకో. తెల్లారి నాకు గుంటలు తియ్యి. నీ చేత అబద్ధం చెప్పించను. నువ్వు కూడా చెప్పకు."

"పెద్దాయన అడుగుతాడు."

"నన్నడగమను."

*

పొద్దు పొడిచేసరికి ఒచోలా రెండు సాళ్ళు తీశాడు. తాడు కట్టి మరీ తీశాడు. గుంటకి గుంటకి మధ్య మూర ఎడం, వంకర లేకుండా. పారతో అంత నేర్పున్నవాడికి ఊరు అప్పజెప్పిన పని చూడండి.

దడి అవతల ఆడవాళ్ళు చేరారు. కొన్సొలాటా తన చేను గట్టు మీద పార ఆనించుకుని నిలబడింది, వెనకే ఒగోలా. ఎజెకియా చేతికర్ర ఊపుకుంటూ వచ్చాడు. అవినో విత్తనాల బుర్ర చంకన పెట్టుకుని ఇంట్లోంచి బయటికి వచ్చింది. ఒంటి మీద పూల గౌను ఉంది. కోటు లేదు.

ఎజెకియా మొహం విచ్చుకుంది. నలుగురికీ వినబడేట్టు, ఒచోలా వైపు చూసి, అడగాల్సిన మాట అడిగాడు:

"కోటు తీసిందెవరు?"

ఒచోలా నడుం ఎత్తాడు. నోరు తెరిచాడు.

"నేనే," అంది అవినో.

ఎవరో దగ్గారు. తర్వాత ఆ దగ్గు కూడా ఆగిపోయింది.

"నువ్వు మాట్లాడకూడదు. అడిగింది వాణ్ణి."

"వాణ్ణి అడిగితే గుంటలు తీశానంటాడు. తీసింది అవే. నా గడప లోపలికి ఎవరూ రాలేదు చినమామా. నా చేత్తో నేను విప్పుకున్నాను. పొద్దున ఉతికాను కూడా. అదుగో, ఆరేశాను."

దడి వెనక ఒక నవ్వు పుట్టి మధ్యలోనే నొక్కుకుపోయింది. అందరి కళ్ళూ జెముడు దడి మీదకి పోయాయి. కోటు అక్కడ చేతులు చాపుకుని నీళ్ళు కారుతోంది.

"బుర్ర కింద పెట్టు," అన్నాడు ఎజెకియా. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. "ఒక్క గింజ నేలని తాకితే చిరా నిన్నూ వదలదు, నీ పిల్లల్నీ వదలదు, ఆ కొన్సొలాటా కడుపునీ వదలదు. నీ సామాను సాయంత్రానికి దడి బయట ఉంటుంది. దోర్సీలా! దీని చేతిలోంచి విత్తనం తీసుకో."

వసారాలో ముసలమ్మ లేచింది. చేతికర్ర లేకుండా నడిచి వచ్చింది. అవినో ముందు నిలబడి రెండు చేతులూ చాపింది. అవినో బుర్రని రొమ్ముకి అదుముకుంది.

"అత్తా, వద్దు."

"ఇయ్యవే."

ముసలి వేళ్ళు ఆమె వేళ్ళని ఒక్కొక్కటిగా విడదీశాయి. చేతిలోంచి బుర్ర పోగానే అవినో, ఆవిడ కూడా వాళ్ళ మనిషే అనుకుంది. మరి ఎవరి మనిషి అవుతుంది! అలేగో ఎంత దూరం, పిల్లలకి ఏమని చెప్పాలి అని ఆలోచన అక్కడి దాకా పోయింది.

దోర్సీలా వెనక్కి తిరగలేదు. బుర్ర పట్టుకుని సాలు మొదటికి వెళ్ళింది. వంగింది. మూడు గింజలు గుంటలో వేసి, మడమతో మట్టి లాగి, తొక్కి అణిచింది. రెండో గుంట. మూడో గుంట. అప్పుడు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిటారుగా నిలబడింది.

"నా కోటు తీసింది కూడా నేనే, మరిదీ," అంది ఎజెకియాతో.

ఎజెకియా కర్ర నేలకి ఆనించాడు.

"మతి పోయిందా నీకు?"

"ఉంది కాబట్టే చెబుతున్నా. నా మొగుడు పోయాక నా ఇంటికి పంపింది నిన్నేగా? నీకు గుర్తు లేదేమో, నాకుంది. ముంతెడు కల్లు ఇచ్చాను, గోడకి జారబడి బయటే గురక పెట్టావు. నా గడప ఇటు తొక్కలేదు నువ్వు. తెల్లారి నేను కోటు తగిలిస్తుంటే కళ్ళు నులుముకుంటూ లేచి, నలుగురిలో నేనే తీశానన్నావు. నేను తల దించుకున్నాను. దానికే నిన్ను పెద్దని చేశారు!"

ఈసారి దడి వెనక నవ్వు ఆగలేదు. అవినో అత్త మొహం చూస్తూ నిలబడిపోయింది.

"ఆ ఏడు పంట ఎలా పండింది? చెప్పు మరిదీ. గాదె చాలక నీ ఇంట్లో కూడా పోశాం. ఆ గింజలు తినే నా కొడుకులిద్దరూ పెరిగారు. ఏ చిరా పట్టింది నన్ను? ఇదిగో, ఇంకా బతికే ఉన్నాను." ముసలమ్మ గొంతు పగిలింది. "నా ఒమోలోని తీసుకుపోయింది ఎయిడ్స్. ఇన్నాళ్ళూ నా నోటికి ఆ మాట రాలేదు. రానిచ్చి ఉంటే, ఆ సీసా విసిరేసిన రోజు వాడి చెంప పగలగొట్టి ఉందును. కోడలు నీళ్ళలో దిగి వెతుకుతుంటే నేను ఒడ్డున నిలబడి దేవుడికి దండం పెట్టాను. ఇక నోరు మూసుకోను. ఈ గడప నాది. నేను ఉండగా దీని సామాను దడి దాటదు. ఎవడు దాటిస్తాడో రమ్మను."

ఎజెకియా ఒగోలా వైపు చూశాడు. ఒగోలా తల్లి వైపు చూస్తున్నాడు. దడి వెనక ఎవరో "అయితే మా అత్త కూడానా?" అని పక్కావిడని అడిగింది, ఆ పక్కావిడ మోచేత్తో పొడిచింది. పెద్దమనిషి ఏదో అనబోయాడు. ఆయన మెల్లటి గొంతు ఆ గోలలో ఎవరికీ వినబడలేదు. కర్ర తిప్పుకుంటూ దారి పట్టాడు. ఇంకొక చోట ఇంకొక పీట ఆయన కోసం ఉంటుందేమో. ఈ ఇంట్లో మాత్రం లేదు.

దోర్సీలా బుర్ర కోడలి చేతికి తిరిగి ఇచ్చింది.

"నిలబడి చూస్తావేం? నా నడుం పట్టుకుపోయింది. నీ వంతు."

అవినో వంగింది. మూడు గింజలు, మడమతో మట్టి. చేతులు వేళ్ళ దాకా ఖాళీగా, తేలిగ్గా ఉన్నాయి. కళ్ళలోంచి నీళ్ళు గుంటల్లో పడుతున్నా ఆగకుండా సాలు చివరి దాకా వేసుకుంటూ పోయింది. ఒచోలా ఆమెకి ముందు ముందు తవ్వుకుంటూ పోయాడు.

గట్టు మీద నుంచి కొన్సొలాటా అరిచింది: "అక్కా, నేను మొదలెట్టనా?"

"మొదలెట్టు!"

కొన్సొలాటా పార మొగుడి చేతిలో పెట్టింది. "నువ్వు తవ్వు, నేను వేస్తాను. శుక్రవారం ఇద్దరం ఆసుపత్రికి పోతున్నాం," అంది. అందరికీ వినబడేట్టే అంది. ఒగోలా పార వైపు, తల్లి వైపు, నవ్వుతున్న ఆడవాళ్ళ వైపు చూశాడు. అవుననలేదు, కాదనలేదు. తవ్వడం మాత్రం మొదలుపెట్టాడు.

బడి గంట మోగింది. అవినో మాత్ర వేసుకునే వేళ అదే. ఇన్నాళ్ళూ ఆ గంట వినగానే ఇంట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, నెయ్యి డబ్బా అడుగున దాచిన సీసా తీసేది. ఇవాళ పొద్దున్నే మాత్ర రుమాలు కొసన ముడి వేసి తెచ్చుకుంది. ముడి విప్పి, దడి వెనక ఉన్నవాళ్ళంతా చూస్తుండగా నాలుక మీద పెట్టుకుంది. నీళ్ళ కోసం చుట్టూ చూసింది.

దోర్సీలా వసారాలోకి వెళ్ళి, మొక్కజొన్న సంచి వెనక నుంచి తన లోటా తీసి, నిండా ముంచి తెచ్చింది. అవినో సగం తాగి మాత్ర మింగింది. మిగిలిన సగం అత్త అందుకుని తాగేసి, మూతి తుడుచుకుంది.

"పద," అంది. "ఎండెక్కుతోంది."